పాతలాకుల దగ్గర తడిసిన సీటు

ఆత్రేయపురం అవతల కాలవగట్టు మీద పాతలాకులని ఒక చోటుంది. పొద్దుగూకాక అటు పోవద్దంటారు.

కాలవలో పడవల్ని దాటించే ఆ లాకులు పనిచెయ్యడం మానేసి ముప్పయ్యేళ్లయింది. ఇనప తలుపులు సగం తెరుచుకుని అలాగే తుప్పు పట్టిపోయాయి. పక్కన లాకు కాపలాదారు కాపురమున్న పెంకుటింటికి ఇప్పుడు గోడలే మిగిలాయి. పెంకులు ఎవరికి కావలసినన్ని వాళ్లు పట్టుకుపోయారు. పగలు మేకలు అందులో నీడకి పడుకుంటాయి. చీకటి పడితే... మేకలు కూడా ఉండవు.

ఆ కాపలాదారు భార్య ఒక వరద రాత్రి కాలవలో పడి చచ్చిపోయిందట. శవం దొరకలేదు. అప్పట్నుంచీ వాన కురిసే రాత్రుల్లో తడిచీరతో గట్టు పక్కన నిలబడి చెయ్యెత్తుతుందట. "రేవు దాకా దింపు బాబూ..." అంటుందట. జాలిపడి ఎక్కించుకున్నవాళ్లు కాస్త దూరం పోయి వెనక్కి తిరిగి చూస్తే — మనిషుండదు. కూర్చున్న చోట తడి ఉంటుంది.

మా తాతల కాలంలో ఎడ్లబళ్లలో గడ్డి తడిసేదట. తరవాత సైకిలు క్యారియర్లు తడిశాయి, స్కూటర్ల వెనకసీట్లు తడిశాయి. దెయ్యమైనా కాలాన్ని బట్టి పోవాలి కదా! కారు సీటు తడవడం మాత్రం తొంభై ఎనిమిది శ్రావణమాసంలోనే మొదలు. ఆ ఘనత ధవళేశ్వరం చంద్రరావు మాష్టారిది. ఈ కథ నేను ఆయన నోటే విన్నాను. తనని తాను వెక్కిరించుకోవడంలో ఆయన పిసినారితనం చూపించడు కాబట్టి నేనూ ఏదీ దాచను.

చంద్రరావు హైస్కూల్లో సైన్సు మాష్టారు. ఆయన గురించి రెండు సంగతులు తెలిస్తే చాలు. ఒకటి, దెయ్యాలు లేవని ఊరూరా చెబుతాడు. రెండోది, ఎవరైనా మాట మధ్యలో ఆగిపోతే ఆయన ఊరుకోలేడు, అందించేస్తాడు. "నీరు ఆవిరిగా మారుటను..." అని పిల్లవాడు నసిగితే చాలు, "బాష్పీభవనం" అని తనే అనేస్తాడు. పరీక్ష హాల్లో కూడా అనేసి హెడ్మాష్టారి చేత రెండుసార్లు చీవాట్లు తిన్నాడు. నోరు జారడం కాదది, ఇరవై రెండేళ్ల సుద్దముక్క అలవాటు.

ఇక కారు సంగతి. అది ఆయనది కాదు, తోడల్లుడిది.

తోడల్లుడు ఉదయ్‌భాస్కర్ వయసులో చిన్నవాడు, జీతంలో పెద్దవాడు. రాజమండ్రిలో ఆఫీసరు. కొత్త తెల్ల మారుతి కొని నెల తిరక్కుండానే పెళ్లాంతో తిరుపతి ప్రయాణం పెట్టుకున్నాడు. తమ వీధిలో పిల్లలు క్రికెట్ ఆడి అద్దాలు పగలగొడతారని, కారు తెచ్చి చంద్రరావు ఇంటి కాంపౌండులో పెట్టాడు.

"అన్నయ్యగారూ, పొద్దున్నే ఓసారి స్టార్ట్ చేసి ఆపెయ్యండి చాలు. బ్యాటరీ దిగిపోకుండా. సీట్ల మీద ప్లాస్టిక్ మాత్రం తియ్యకండి. ఏడాది దాకా కొత్త మాయకూడదని నా పట్టుదల. ఆదివారం పొద్దున్న వచ్చి పట్టుకెళ్తాను" అన్నాడు.

వాళ్లు వెళ్లాక చంద్రరావు భార్య నాగేశ్వరి తాళం చెవి ఆయన చేతిలో పెడుతూ ఒక మాట చెప్పింది. "దీని మీద ఈగ వాలినా మా చెల్లెలు మధులత ఫోన్లో పుట్టింటివాళ్లందరికీ చెబుతుంది. అక్కగా నా పరువు మీ చేతిలో ఉంది. చూసుకోండి."

బుధవారం ఆత్రేయపురంలో తోటి మాష్టారి గృహప్రవేశం. రాత్రి భోజనాలు. చంద్రరావుకి స్కూటరుంది, బస్సులూ ఉన్నాయి. కానీ బుద్ధి... బుద్ధి కారులో ఉంది.

"వద్దండీ బాబూ" అంది నాగేశ్వరి.

"బ్యాటరీకి ఆ మాత్రం తిరుగుడు ఉండాలే" అన్నాడు సైన్సు తెలిసినవాడి హోదాలో. ఆ వేళకి ఆయన డ్రైవింగ్ స్కూలు నుంచి బయటపడి పదిహేడు రోజులు.

భోజనాల దగ్గర అందరూ కారు చూశారు. చంద్రరావు కారు తనదని అనలేదు, కాదనీ అనలేదు. లేచేటప్పుడు బుల్లియ్య అనే పెద్దాయన దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు. "మబ్బు పట్టిందండి. పాతలాకుల మీంచి వద్దు మాష్టారూ... చుట్టూ తిరిగి వెళ్లండి."

అక్కడితో ఊరుకుంటే బావుండేది. చంద్రరావు చేతిలో పూతరేకు పట్టుకుని నిలబడి, భయమనేది మనసులో పుడుతుందనీ, తడి అనేది వానలోంచి పుడుతుందనీ ముప్పావుగంట ఉపన్యాసమిచ్చాడు. ఆ ఉపన్యాసమే లేకపోతే చినుకు పడకముందే ఇల్లు చేరేవాడు. ఇంత చెప్పాక చుట్టూ తిరిగి పోతే నలుగురూ నవ్వరూ? అందుకని గట్టు దారే పట్టాడు.

పదిన్నర దాటింది. వాన అందుకుంది.

గట్టు మీద మరో బండి లేదు. ఒక పక్క కాలవ, ఒక పక్క అరటితోటలు. లైట్ల వెలుతురు నాలుగు బారలు పోయి వానలో ఆగిపోతోంది. అద్దం తుడిచే పుల్లలు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు కాక ఇంకేమీ లేదు.

పెంకుటింటి గోడలు కనిపించాయి...

గోడ పక్కన ఎవరో నిలబడి ఉన్నారు.

ఆడమనిషి. నెత్తి మీద ఏదో పెద్దగా, నల్లగా ఉంది. చీర ఒంటికి అంటుకుపోయింది. చెయ్యెత్తింది.

చంద్రరావు ఆపలేదు. ఆపాలని అనుకోలేదు కూడా. కాళ్లు రెండూ బిగుసుకుపోయి బ్రేకు మీదా క్లచ్చు మీదా పడ్డాయి. కారు ఆమె ముందుకొచ్చి ఠక్కున ఆగింది.

వెనక తలుపు తెరుచుకుంది. లోపలి లైటు వెలిగింది... ఆరింది. చల్లటి గాలి మెడకి తగిలింది. దాంతో పాటే వాసన — నీటి వాసన, చేపల వాసన.

"రేవు దాకా దింపు బాబూ..."

చంద్రరావు పైప్రాణాలు పైనే పోయాయి. కారు మాత్రం కదిలింది. ఎలా కదిలించాడో ఆయనకి ఇప్పటికీ తెలీదు. పైన వేలాడే అద్దంలో ఏమైనా కనిపిస్తుందేమోనని దాన్ని చేత్తో కప్పు వైపు తిప్పేశాడు. ఆంజనేయస్వామిని తలుచుకుని వచ్చిన శ్లోకాలన్నీ గట్టిగా చదివాడు. అన్నీ అంటే మూడు. అవి లాకులు దాటకముందే అయిపోయాయి. నోరు ఆగితే వెనకనించి మాట వినిపిస్తుందేమో... ఏదో ఒకటి అనాలి. ఆ క్షణాన బుర్రలో కంఠతా మిగిలి ఉన్నది ఒక్కటే.

"హైడ్రోజన్! హీలియం! లిథియం! బెరీలియం!"

మూలకాల పట్టిక. వరసగా కాల్షియం దాకా వెళ్లి మళ్లీ హైడ్రోజన్ నుంచి అందుకున్నాడు. కళ్లు మూసుకునే చదివాడు. మధ్యమధ్య ఒక కన్ను తెరిచి రోడ్డు చూసి మూసేవాడు.

వంతెన ఎక్కేచోట బండి మళ్లీ ఆగిపోయింది. అప్పుడే మీద పడ్డట్టు పెద్ద ఉరుము ఉరిమింది. నాలుగోసారికి ఇంజను అందుకుంది. వంతెన దాటి, బ్యారేజీ లైట్లు కనిపించాక ధైర్యం చేసి తల తిప్పాడు.

ఎవరూ లేరు.

సీటంతా నీళ్లు. మధ్యలో చుట్టలా చుట్టిన తడిగుడ్డ ఒకటి.

ఇల్లు చేరాక చూస్తే వెనక తలుపు సరిగ్గా పడలేదు. బెత్తెడు సందుంది. దారి పొడుగునా వాన అందులోంచి సీటు మీద కొట్టింది. దెయ్యానికి తలుపుతో ఏం పని, తీసిందెవరు, వెయ్యనిదెవరు అని సైన్సు మాష్టారనేవాడు ఒక్కసారి ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. ఆ తడిగుడ్డని న్యూస్‌పేపరుతో పట్టుకుని, పారేస్తే దానికి కోపం వస్తుందేమో, కాలిస్తే ఇంకా కోపం వస్తుందేమోనని పెరట్లో వేపకొమ్మకి తగిలించాడు. అలాంటి గుడ్డచుట్టలు ఆ వీధిలో పగలు రోజుకి పది చూస్తాడాయన.

గురువారం పొద్దున్న నాగేశ్వరి సీటు చూసి నెత్తి కొట్టుకుంది. "ఏంటండీ ఇది!"

"వాన జల్లు కొట్టింది" అన్నాడు. ఇంకేం చెబుతాడు? దొంగకి తేలు కుట్టినట్టుంది ఆయన పని.

ఆరోజు మొదలైంది యుద్ధం. ప్లాస్టిక్ మీద నీళ్లు గుడ్డపెట్టి ఒత్తాడు. బకెట్టు నిండింది. ప్లాస్టిక్ కింద గుడ్డ కవరు తడిగా ఉంది, దాని కింద స్పాంజి. కుట్ల సందుల్లోంచి వాన లోపలికి దిగిపోయింది. సీటు మీద న్యూస్‌పేపర్లు పరిచాడు. వంటింటి టేబుల్‌ఫ్యాను తెచ్చి, వైరు కిటికీలోంచి లాగి, కారు తలుపు దగ్గర స్టూలు మీద పెట్టి సాయంత్రం దాకా తిప్పాడు. రాత్రికి చెయ్యి పెట్టి చూస్తే పైన పొడిగానే ఉంది. హమ్మయ్య అనుకున్నాడు.

శుక్రవారం తెల్లవారుజామున టార్చిలైటుతో వెళ్లి చూశాడు.

ప్లాస్టిక్ లోపలి వైపు... సన్నటి నీటిబొట్లు. సీటు మధ్యలో, సరిగ్గా మనిషి కూర్చునేంత మేర. వేలితో నొక్కితే చల్లగా, మెత్తగా నీరు ఊరింది. చేపల వాసన నిన్నటికంటే ఎక్కువైంది.

అంటే — రాత్రి మళ్లీ వచ్చి కూర్చుంది!

ఆ పగలు స్కూలుకి సెలవు పెట్టాడు. ఉప్పు చల్లాడు, సాంబ్రాణి పొగ వేశాడు, ఫ్యాను తిప్పాడు. డజను నిమ్మకాయలు కొనుక్కొచ్చి నాలుగు చక్రాల దగ్గరా, నాలుగు తలుపుల దగ్గరా పెట్టాడు. మిగిలినవి తన జేబులో వేసుకున్నాడు. చేసినవన్నీ ప్లాస్టిక్ మీదే చేశాడు. తోడల్లుడు తియ్యొద్దన్నాడు మరి! రాత్రి నాగేశ్వరి నిద్రపోయాక కిటికీలోంచి కారుకేసి చూస్తూ కూర్చున్నాడు. వెనకసీటు అద్దం లోపల తెల్లగా ఆవిరి కమ్ముకుంటోంది... లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు.

ఇరవై రెండేళ్లు దెయ్యాలు లేవని చెప్పిన నోరు ఆ రాత్రి ఎండిపోయింది. ఎండాల్సిన సీటు మాత్రం ఎండలేదు.

శనివారం వాన తెరిపిచ్చింది. ఎండ కాసింది. ఇంకొక్క పగలే ఉంది. చంద్రరావు కారు వెనక గొంతుక్కూర్చుని, తోడల్లుడితో ఏం చెప్పాలో కూడబలుక్కుంటున్నాడు. దెయ్యం కూర్చుందని చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే కారు పాడుచేశాడని పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఎండు చేపలమ్మా... రొయ్యపప్పమ్మా..."

గేటు దగ్గర రత్తమ్మ తట్ట దించింది. ధవళేశ్వరం రేవులో ఉంటుంది. ఎండుచేపలు నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి అమ్ముతుంది. నాగేశ్వరి రొయ్యపప్పు ఏరుతోంటే రత్తమ్మ గొంతు తగ్గించి చెప్పడం మొదలెట్టింది.

"ఇది విన్నారా అమ్మగారూ? పాతలాకుల కాడ కొత్త దెయ్యం దిగిందండి. ఆడదెయ్యం కాదు, మొగదెయ్యం. కారు దెయ్యం!"

కారు వెనక చంద్రరావు ఇంకాస్త కిందికి వంగాడు.

"బుధవారం రాత్రి ఆకరి బస్సు తప్పిపోయి గోడ పక్కన నిలబడ్డానండి. తెల్లకారొకటి వచ్చి నా ముందు ఆగింది. మహానుభావుడు ఎవరోనని ఎక్కాను. రేవు దాకా దింపు బాబూ అన్నాను. మాట లేదు, పలుకు లేదు. ఎనక్కి తిరిగి చూడ్డు. పైనున్న అద్దం కూడా తిప్పేసిందండి, మొహం కనపడకుండా! ఆనక మొదలెట్టింది మంత్రాలు... హైడ్రోజను, హీలియము, లిథియము అంటా ఒకటే కేకలు. ఒంగి చూద్దును కదా — కళ్లు మూసుకుని నడుపుతోంది!"

"అమ్మో!" అంది నాగేశ్వరి. తరవాత ఎందుకో ఆగి, మెల్లగా కారుకేసి చూసింది.

"వంతెన కాడ కాస్త ఆగింది. అమ్మవారే ఆపిందనుకున్నాను. ఉరుము ఉరిమిన మీదట తలుపు తోసుకుని, తట్ట పట్టుకుని దూకేశానండి. తలుపెయ్యడానికి కూడా చెయ్యి రాలేదు. అక్కణ్ణించి నడిచొచ్చాను. నెత్తి మీద చుట్టగుడ్డ ఆ దెయ్యం కార్లోనే పోయింది. మా అమ్మ చీర ముక్కండి అది, ముప్పయ్యేళ్ల..."

అంటూ తలెత్తి, పెరటి వైపు చూసింది. వేపకొమ్మకి తన చుట్టగుడ్డ వేలాడుతోంది. దాని కింద తెల్లకారుంది.

రత్తమ్మ కెవ్వుమంది. ఆ కేకకి కారు వెనకనించి చంద్రరావు లేచి నిలబడ్డాడు. మూడు రోజుల గడ్డం, ఎర్రటి కళ్లు, చేతిలో నిమ్మకాయ. రత్తమ్మ రెండో కేక పెట్టింది.

"నేనే రత్తమ్మా..." అన్నాడు నీరసంగా. "ఆ దెయ్యం నేనే."

నాగేశ్వరి మొదట కోపంగా చూసింది. పెదవి బిగబట్టింది. అది నిలవలేదు. అరుగు మీద కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. రత్తమ్మ గుండె మీద చెయ్యేసుకుని, "మీరాండీ! నన్ను చూసి మీరు జడుసుకున్నారాండీ!" అని తనూ అందుకుంది. ఎవరికీ కోపం తీరకముందే నవ్వొచ్చేసింది. నవ్వనివాడు చంద్రరావు ఒక్కడే. ఆయనకింకా ఒక సందేహం ఉంది.

"మరి రోజూ రాత్రి వచ్చి తడిపేదెవరు?" అన్నాడు.

రత్తమ్మ వచ్చి సీటు మీద అరచెయ్యి వేసి నొక్కింది. ప్లాస్టిక్ అంచు పైకెత్తి వాసన చూసింది. చంద్రరావు వైపు చాలా జాలిగా చూసింది.

"చేపని ఎండబెట్టి పైన మూతేస్తే ఎండుద్దాండీ బాబూ? చెమట పడుద్ది, కంపు కొడుద్ది. లోన తడి ఎటు పోద్ది చెప్పండి? మీరు పిల్లకాయలకి ఏం చెబుతారు స్కూల్లో?"

బాష్పీభవనం. ఎనిమిదో తరగతి, మూడో పాఠం. పాత్రపై మూత ఉన్నచో ఆవిరి బయటికి పోక తిరిగి నీరగును. మొన్న జూలైలోనే బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాడాయన.

తరవాత పనంతా రత్తమ్మ ఆధ్వర్యంలో జరిగింది. ప్లాస్టిక్ చింపకుండా వలిచి తీయించింది. సీటుని బయటికి లాగించి, నిలబెట్టి, ఇద్దరి చేత రెండు వైపులా తువ్వాళ్లతో అదిమించింది. స్పాంజిలోంచి కారిన నీళ్లు చూసి చంద్రరావుకి సిగ్గేసింది. చక్రాల దగ్గర నిమ్మకాయలన్నీ ఏరించి, కోయించి, రసం నీళ్లలో పిండించి, గుడ్డ ముంచి గట్టిగా పిండి వాసనున్న చోటల్లా తుడిపించింది. దెయ్యం కోసం కొన్న నిమ్మకాయలు అలా సద్వినియోగమయ్యాయి. సీటుని నులకమంచం మీద పెట్టించింది.

"కింద నించి గాలాడాలి. గంటకోసారి తిప్పండి. ఎండ పోయినాక ఫ్యాను పెట్టండి. పూర్తిగా ఎండేదాకా ప్లాస్టిక్ జోలికెళ్లారంటే నా మీదొట్టే."

చుట్టగుడ్డ దులుపుకుని నెత్తిన పెట్టుకుంటున్న రత్తమ్మని నాగేశ్వరి చెయ్యి పట్టుకుని బతిమాలింది. "మా చెల్లెలికి తెలిస్తే నేను తలెత్తుకోలేను. ఈ సంగతి ఇక్కడితో..."

"అయ్యో, నేను చెబుతానాండీ! ఇకనించి నా నోట రాదు" అంది రత్తమ్మ. ఆ "ఇకనించి" అన్న మాట ఆ పూట ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికి ఆమె మూడు రోజులు, పదకొండు ఊళ్లు తిరిగి వచ్చింది.

చంద్రరావు ఆ రాత్రి నిద్రపోలేదు. ఫ్యాను పక్కన కూర్చుని గంటకోసారి లేచి సీటు తిప్పాడు. తెల్లారేసరికి చేత్తో ఎంత గట్టిగా నొక్కినా పొడే. ప్లాస్టిక్ ఎప్పట్లా తొడిగి సీటు బిగించి, బొట్లు పడతాయేమోనని గంటసేపు దాని ముందే కాచుకున్నాడు. ఒక్క బొట్టు పడలేదు.

ఆదివారం ఎనిమిదింటికి స్టేషన్ నుంచి ఆటోలో తోడల్లుడు, మధులత దిగారు. ఉదయ్‌భాస్కర్ ప్రసాదం ఇచ్చి నేరుగా కారు దగ్గరికి వెళ్లాడు. చుట్టూ తిరిగాడు. వెనక తలుపు తీశాడు. ప్లాస్టిక్ మీద చెయ్యేసి నొక్కాడు.

నాగేశ్వరి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నిమ్మకాయ వాసనొస్తోందేంటండీ?"

"దిష్టి తీశాను మరిదిగారూ, కొత్త బండి కదా" అంది నాగేశ్వరి.

"ఎక్కడిదక్కడే ఉంది. మీకు అప్పజెప్పితే ఇంక చూసుకోనక్కర్లేదు అన్నయ్యగారూ!" అన్నాడు ఉదయ్‌భాస్కర్. మధులత కూడా, "మా అక్క ఇంట్లో ఏదైనా అంతే" అంది. నాగేశ్వరి మొహం వెలిగిపోయింది. చంద్రరావుకి మూడు రోజుల తరవాత కాళ్ల కింద నేల ఉన్నట్టు అనిపించింది.

కాఫీలొచ్చాయి. ఉదయ్‌భాస్కర్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"అన్నట్టు అన్నయ్యగారూ, ఆటో అతను దారంతా ఒకటే కబుర్లు. పాతలాకుల దగ్గర కొత్తగా కారు దెయ్యం దిగిందట. తెల్లకారేనట, మనలాంటిదే! కళ్లు మూసుకుని నడుపుతుందట."

"దెయ్యాలేంటి తమ్ముడూ, మూఢనమ్మకం" అన్నాడు చంద్రరావు.

"అదే నేనూ అన్నానండి. పైగా దానికో మంత్రం కూడానట. ఏంటదీ..." ఉదయ్‌భాస్కర్ కాఫీ గ్లాసు పట్టుకుని పైకి చూస్తూ గుర్తు తెచ్చుకున్నాడు. "హైడ్రోజను... హీలియము... లిథియము..."

ఆగిపోయాడు.

"ఆ తరవాత ఇంకోటేదో ఉందండి. ఆటో అతనికీ నోరు తిరగలేదు..."

వంటింటి గుమ్మంలోంచి నాగేశ్వరి కళ్లు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపింది. చంద్రరావు పెదాలు బిగించాడు. కప్పుకేసి చూశాడు. కాఫీ గుక్కెడు తాగి నోట్లోనే పెట్టుకున్నాడు. ఉదయ్‌భాస్కర్ నుదురు చిట్లించి ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాడు. "లిథియము... లిథియము..."

చంద్రరావు కాఫీ మింగేశాడు.

"బెరీలియం" అన్నాడు.